గాజు పెంకు కింద నారు

మంగ పిన్ని మా ఫ్లాట్‌లో అడుగుపెట్టిన మొదటి గంటలోనే నా మనసు కలుక్కుమంది. పిన్ని అంటే మా బాబాయి భార్య. డెబ్బై అయిదు దాటాయి. బాబాయి పోయాక రాజోలులో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. కంట్లో శుక్లం తీయించుకోవడానికి అమలాపురం వచ్చింది. ఆసుపత్రి మా వీధి చివరే కాబట్టి చెకప్పులన్నీ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండాలని నేనే పట్టుబట్టాను. మా హాల్లో గుమ్మం దగ్గర్నుంచి బాల్కనీ దాకా కుండీలే. మనిషి నడవడానికి మూరెడు దారి వదిలానంతే. ఆ దారిలో పిన్ని కుచ్చిళ్ళు దగ్గరకి లాక్కుని, రెండు చేతులూ పొట్టకి ఆనించుకుని, పక్కకి తిరిగి, ఒక్క ఆకుకీ తన ఒళ్ళు తగలకుండా నడిచింది. చూపు ఆనక అలా నడుస్తోందనుకున్నాను. ఆపరేషనై, నల్లకళ్ళజోడు వచ్చి, చూపు తేటపడ్డాక కూడా అలాగే నడిచింది.

నా మొక్కల పిచ్చి సంగతి కాస్త చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. రిటైరయ్యాక కొందరికి గుళ్ళూ గోపురాలూ పట్టుకుంటాయి, నాకు నారు పట్టుకుంది. మిరప, వంగ, టమాటా, బంతి, ఏ విత్తనం కనబడినా ట్రేలో వేసేస్తాను. మా బాల్కనీకి ఎండ పొద్దున్న రెండు గంటలే వస్తుంది. ఆ రెండు గంటలూ ట్రేలు కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి, గుమ్మం దగ్గర్నుంచి బల్ల మీదికి జరుపుతూనే ఉంటాను. విత్తనం వేసిన మర్నాటి నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతాను. మొలిచిందా? మొలవలేదా? మా ఆయన పేపరు చాటునుంచి "ఇది ఏడోసారి" అంటారు. ఫోనులో విత్తనం పదిక్షణాల్లో మొలిచి, పెరిగి, పువ్వు పూసేసే వీడియోలు వస్తాయి కదా, అవి చూసి చూసి నా ఓపిక ఇంకా చెడింది. ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పేస్తాను. కోనసీమలో కూర్చుని కొబ్బరి పొట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మా చిన్నప్పుడు పీచు తీసేచోట కుప్పలు కుప్పలుగా పడి ఉంటే కాలితో తన్నుకుంటూ బడికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు అదే పొట్టుని ఇటుకలా నొక్కి, పైన ఇంగ్లీషు పేరు అచ్చువేసి, ఎక్కడో పొరుగు రాష్ట్రం నుంచి మనకే పంపిస్తున్నారు. తిట్టుకుంటూనే విప్పి నీళ్ళలో నానబెట్టాను.

పై అంతస్తులో ఉండే సుజాతగారు వాడిపోయిన కుండీ ఏదో ఒకటి పట్టుకుని నెలకోసారి దిగుతారు. "మేడంగారండీ, ఇది మా ఇంట్లో బతకట్లేదండీ. నాలుగు రోజులు మీ దగ్గరుంచండి. మీ చెయ్యి మంచిదండీ" అంటారు. పిన్ని వచ్చిన వారంలోనూ వచ్చేరు, పిన్ని ఎదటే ఆ మాట అన్నారు. పిన్ని మురిసిపోయి, "ఆయ్, చిన్నప్పట్నుంచీ అంతేనండి. పదేళ్ళ పిల్లప్పుడే బంగారంలాంటి చెయ్యండి దానిది" అంది. నేను కుండీ తీసుకుని బాల్కనీలోకి పారిపోయాను. ఆ మాట ఎవరన్నా నాకు లోపల గీరుకుంటుంది. పిన్ని నోట వినడం మరీ కష్టం.

ఆ మర్నాడు ఫోను మాట్లాడుతూ, రెండు చేతులా సామాను పట్టుకుని ఉన్నాను. ఎండ కిటికీ దాటిపోతోంది. "పిన్నీ, ఆ ట్రే కాస్త ఇటు జరుపుతావా?" అన్నాను. పిన్ని చేతులు వెనక్కి లాక్కుంది.

"నేనొద్దే పద్మా. నా చెయ్యి మంచిది కాదు కదా. పచ్చగా ఉన్నాయి, ఏమన్నా అయితేను?"

ఏ బాధా లేకుండా, నాకు షుగరుందమ్మా, కాఫీలో పంచదార వద్దు అన్నంత మామూలుగా అంది. "ఎవరన్నారు అలాగని?" అన్నాను, ఎవరన్నారో బాగా తెలిసే.

"ఎవరో అనడం ఏంటే, మీ నాయనమ్మగారే కదా. నువ్వు చిన్నపిల్లవి అప్పటికి, నీకెక్కడ గుర్తుంటుంది?"

గుర్తులేకపోవడమా!

మాది కొత్తపేటకి ఆవల, గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. వానాకాలంలో ఏరు పొంగితే పొలాలు మునిగేవి. నీళ్ళు తీశాక నేల మీద మెత్తటి ఒండ్రు మిగిలేది. ఆ ఒండ్రు పదునులో ఉండగానే వంగనారూ మిరపనారూ నాటినవాళ్ళకి కాపు ముందు. ఆలస్యమైనవాళ్ళు ఊరందరి తర్వాత కోసుకోవాలి. కానీ ముందుగా నారు పొయ్యడం ఎక్కడ? మడిలో పోస్తే ఏరు పట్టుకుపోతుంది. అందుకని మా ఊళ్ళో నారు ఇంట్లో పోసేవారు. ఎత్తరుగుల పెంకుటిల్లు మాది. ధాన్యం గది కప్పులో ఒక్కచోట మట్టి పెంకు బదులు గాజు పెంకు వేయించారు మా తాతగారు. దాంట్లోంచి వాన వెలిసినప్పుడల్లా చాపంత ఎండ నేలమీద పడేది. ఆ చాపంత జాగాలో కొబ్బరి చిప్పలు వరసగా పేర్చేవాళ్ళం. ప్రతి చిప్పకీ కన్ను పొడిచి నీరు దిగడానికి దారి చేసి, జల్లించిన ఒండ్రూ, మాగిన పేడ ఎరువూ, చీమలు పట్టకుండా కాస్త బూడిదా కలిపి నింపి, గింజ వేసి, పైన అరటాకు కప్పేవారు. ఆ గదిలో పాత ధాన్యం వాసన, తడిమట్టి వాసన, వాటి మధ్య పిన్ని తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన. ఇప్పటికీ కొబ్బరినూనె సీసా మూత తీస్తే నాకు ముందు ఆ గదే గుర్తొస్తుంది.

గింజ వెయ్యడం ఎవరు పడితే వాళ్ళు వేసే పని కాదు. చెయ్యి మంచిదై ఉండాలి. మంగ పిన్ని కొత్తకోడలిగా వచ్చినప్పుడు వంట అంతంతమాత్రం, ముగ్గు వంకర, పెద్దవాళ్ళు పలకరిస్తే గొంతు పెగిలేది కాదు. మా అమ్మ పెద్దకోడలు, అన్నీ వచ్చిన మనిషి. ఆవిడ పక్కన పిన్ని ఇంట్లో ఉందో లేదో అన్నట్టు తిరిగేది. అలాంటిది మొదటి ఏడు మా నాయనమ్మ పిన్ని చేత నాలుగు చిప్పల్లో గింజ వేయించి చూసింది. ఎలా వచ్చిందనుకున్నారు నారు! ఒక్క గింజ పోలేదు. కోడళ్ళని మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని గట్టిగా నమ్మే మా నాయనమ్మ, వచ్చినవాళ్ళందరినీ గదిలోకి తీసుకెళ్ళి చూపించి "మా మంగ చెయ్యి" అంది. అప్పట్నుంచీ పిన్ని నడక మారింది. ఊళ్ళోవాళ్ళు గుమ్మంలో నిలబడి "మంగమ్మగారండీ, మా ఇంట్లో ఓ గింజ వేసి వెళ్ళండి" అని అడిగేవారు. "ఆయ్, వస్తానండి" అని పిన్ని కొంగు బిగించుకుని వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతూ ఉండేది.

గింజ వేశాక ఆ గదిలోకి వేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ వెళ్ళకూడదు. అది మా ఇంటి కట్టడి. నారు పోసినవాడే నీరు పోస్తాడు అని దేవుణ్ణి గురించి అంటారు కదా, మా నాయనమ్మ దాన్ని ఉన్నదున్నట్టు పాటించేది. పిన్ని పొద్దున్నే అరటాకు ఎత్తి, వేపమండతో నీళ్ళు చిలకరించి, మళ్ళీ కప్పేది. పైన గాజు పెంకులోంచి పడే ఎండ నేలమీద జరుగుతూ ఉంటే, పిన్ని చిప్పల్ని దాని వెంబడే జరుపుతూ ఉండేది. పొద్దున్న గాదె వైపు, మధ్యాహ్నం గది నడుమ, సాయంత్రం గుమ్మం పక్కన. ఏ పనిలో ఉన్నా వేళకి లేచి వెళ్ళి జరిపి వచ్చేది. నేను గడప ఇవతల నిలబడి "వచ్చిందా పిన్నీ? వచ్చిందా?" అని వేధించేదాన్ని. "గింజ కూడా నిద్రపోవాలే. లేపకు" అనేది.

నాకా, చేతులు ఊరుకునేవి కావు. మా అమ్మ పాలకి తోడు వేస్తే తోడుకుందా లేదా అని వేలు పెట్టి చూసే రకం. ఆ ఏడు గింజ వేసిన రెండోరోజు, పెద్దవాళ్ళు భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ, గదిలోకి వెళ్ళాను. అరటాకు ఎత్తి, చీపురుపుల్లతో ఒక గింజని పైకి తవ్వి చూశాను. అప్పుడే ఉబ్బుతోంది. మళ్ళీ పూడ్చేశాను. మర్నాడు ఇంకో చిప్ప. ఆ మర్నాడు తెల్లటి మొలక కాస్త కనబడింది, సంతోషం పట్టలేక వరసగా అన్నీ తవ్వి చూశాను. పుల్ల తగిలి తెగినవి తెగాయి. భయమేసి, మంచి చేద్దామని చెంబుతో నీళ్ళు పోశాను. అలా ఒకరోజు కాదు, వారం రోజులు. పైకి లేచిన నాలుగు మొలకలూ మొదట్లో కుళ్ళి పక్కకి వాలిపోయాయి. చిప్పలన్నీ ఖాళీ. అదే వారంలో ఏరు పొంగింది. మళ్ళీ గింజ నానబెట్టి పోసే వ్యవధి లేదు. వరద తీసేసరికి ఊళ్ళో అందరి నారూ ఒండ్రులోకి వెళ్ళింది. ఏటా నారు పంచే ఇల్లు మాది, ఆ ఏడు బాబాయి బుట్ట పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడుక్కొచ్చాడు.

మా నాయనమ్మ ధాన్యం గది గుమ్మంలో కూర్చుని అందర్నీ పిలిచింది. "గదిలోకి ఎవరెళ్ళేరు?" అంది. నేను తలుపు చాటున తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు తెరుద్దామనే అనుకున్నాను, నిజం చెప్తున్నాను, అనుకున్నాను. అంతలో పిన్ని ముందుకొచ్చింది.

"నేనే అత్తయ్యగారూ. బయట ఉన్నప్పుడు వెళ్ళేనండి."

ఆ రోజుల్లో మా ఇంట్లో నెలకి మూడు రోజులు ఆడవాళ్ళు పెరటి వసారాలో వేరే కూర్చోవాలి. పచ్చళ్ళ జోలికీ, మొక్కల జోలికీ రాకూడదు. ఆ మూడు రోజులూ మాత్రం నీళ్ళు చిలకరించి, చిప్పలు జరిపే పని నాయనమ్మది. వసారాలోంచి గది కిటికీ కనబడుతుంది. రెండోరోజు నాయనమ్మకి కునుకు పట్టేసింది. ఎండ ఒకచోట, చిప్పలు ఒకచోట ఉండటం చూసి పిన్ని ఉండబట్టలేక, గబగబా వెళ్ళి జరిపేసి వచ్చిందట. ఎవరూ చూడలేదు. తనంతట తానే చెప్పింది. చెప్పి, "నా వల్లేనండి" అని చెంపలు వేసుకుంది.

మా నాయనమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సరే అమ్మాయ్. ఇంక నువ్వు నారు జోలికి రాకు. చెయ్యి పోయింది" అంది. ఆ క్షణాన తలుపు చాటున నాకు కలిగింది బాధ అని రాస్తే అబద్ధం. హమ్మయ్య అనిపించింది. దెబ్బలు తప్పాయి. వెళ్ళి జామకాయ కోసుకు తిన్నాను కూడా.

మరుసటి ఏడు నాయనమ్మ నన్ను పిలిచి, గింజలు నా గుప్పిట్లో పోసింది. "ఆడుకునే పిల్ల చెయ్యి, ఏ దోషమూ ఉండదు" అంది. వేశాను. ఈసారి భయంతో ఆ గదివైపు చూడనైనా లేదు, నీళ్ళూ ఎండా నాయనమ్మే చూసుకుంది. ఎవరి పుల్లా పడకపోవడంతో నారు ఒత్తుగా లేచింది. ఊరంతా నా చెయ్యి మంచిదంది. నన్ను దగ్గరకి లాక్కుని మొదట ముద్దుపెట్టింది మంగ పిన్నే. గడప ఇవతల నిలబడి ముద్దుపెట్టింది. తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఆ పేరు మాత్రం నాకంటే ముందే ప్రతి ఊరూ చేరేది. పేరు కొట్టేసినదాన్ని నేనని నాకొక్కదానికే తెలుసు.

నేను ట్రే జరపమన్న రోజు సాయంత్రం, పిన్ని కంట్లో చుక్కలు వేసే వేళయింది. వేశాక అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోవాలి. ఆ అయిదు నిమిషాల్లో చెప్పేశాను. కళ్ళు తెరిచి చూస్తూ ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు. చీపురుపుల్ల, చెంబు, తలుపు చాటు, జామకాయ, ఏదీ దాచలేదు. పిన్ని కళ్ళు మూసుకునే విన్నది.

"ఎన్ని చిప్పలు తవ్వేవు?"

"అన్నీ."

"రోజూనా?"

"రోజూ."

చెంపకి జారిన మందుచుక్కని కొంగుతో అద్దుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఇంట్లో తులసమ్మని కూడా కోడలి చేతే వేయించేనే. మనవరాలు బళ్ళో చెప్పేరని చిక్కుడుగింజ తెచ్చి, గ్లాసులో దూది పెట్టి వేద్దాం రా నానమ్మా అంటే, పనుందని చెప్పి పక్కింట్లో కూర్చున్నాను. దాని గింజ మొలవకపోతే నా వల్లేమోనని. అప్పుడే చెప్తే ఏమయ్యేదే పద్మా? మీ నాయనమ్మగారు రెండు దెబ్బలేసేవారు. అంతేగా?"

అంతే. రెండు దెబ్బలు. ఒక పూట ఏడ్చి నిద్రపోయేదాన్ని. క్షమించు పిన్నీ అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చుక్కల వేళయితే నన్ను దాటుకుని హాల్లోకి వెళ్ళి, "అల్లుడుగారండీ, కాస్త ఈ చుక్కలు వేస్తారా?" అని మా ఆయన్ని అడిగింది. ఆయన నావైపు చూశారు. నేను వంటింట్లోకి వెళ్ళి, చేసిన పనే మళ్ళీ చేస్తూ, గట్టు తుడుస్తూ, తిరుగుతూ ఉన్నాను. ఆ రెండు రోజులూ నా ట్రేలు ఎండలో ఉన్నాయో నీడలో ఉన్నాయో కూడా చూసుకోలేదు.

మూడోరోజు పొద్దున్నే లేచి, "వంగ గింజలున్నాయా?" అంది. పొట్లాలన్నీ తెచ్చి పరిచాను. ట్రే తెస్తే వద్దంది, కొబ్బరి చిప్పలు కావాలంది. మా ఇంట్లో రెండే ఉన్నాయి. సుజాతగారి ఇంట్లో నాలుగు అడిగి తెచ్చాను. మా ఆయన బజారుకి వెళ్ళి అరటాకు తెచ్చారు. నానబెట్టిన కొబ్బరి పొట్టు చూపిస్తే వాసన చూసి, "ఏం పాపం చేసుకుందో, పొట్టు వాసనే పోయింది దీనికి" అని పక్కకి తోసేసింది. కుండీల్లోంచి మట్టి తీసి ఇచ్చాను.

"పిన్నీ, డాక్టరుగారు మట్టి జోలికి వెళ్ళొద్దన్నారు."

"కంటితో వెయ్యను కదే, చేత్తోనే వేస్తాను."

తూర్పు కిటికీ ఉన్న గది నాది, నేను రాసుకునే గది. ఆ కిటికీ కింద చిప్పలు పెట్టుకుని, గింజలు చేతిలోకి తీసుకుంది. గింజ వెయ్యకుండా ఎంతసేపు అలా పట్టుకుందో. ఒక్కొక్కటీ వేసి, ఆకు కప్పి, నావైపు తిరిగింది. "ఇంక నువ్వీ గదిలోకి రాకు" అని, ఇద్దరం బయటికొచ్చాక తలుపు గడియ పెట్టేసింది.

నా ఇంట్లో నా గదికి నేను పరాయిదాన్నైపోయాను. కళ్ళజోడు అందులో, పుస్తకాలు అందులో, సగం రాసిన కాగితాలు అందులో. ఏదీ అడిగే ధైర్యం లేదు. తలుపు ముందు అటూ ఇటూ తిరిగాను. పిన్ని లోపలికి వెళ్ళినప్పుడల్లా చిప్పలు నేలమీద జరిపిన చప్పుడు వినబడేది, ఎండ ఎక్కడికి వచ్చిందో దాన్నిబట్టి తెలిసేది. మొలవకపోతే? ఆ ఆలోచన నన్ను తినేసింది. పొట్లం పాతదైనా, గింజ పుచ్చుదైనా, పిన్ని అలా అనుకోదు. నాయనమ్మ మాటే నిజమనుకుంటుంది. ఈసారి నేను ఎన్ని ఒట్లు వేసినా నమ్మదు. ఇది చెప్పకపోతేనే బాగుండేదేమో, చెప్పి పిన్నిని మళ్ళీ బోనులో నిలబెట్టానేమో అని నామీద నాకే కోపం వచ్చింది.

ఎనిమిదోరోజు పొద్దున్న "పద్మా!" అని కేక. పరిగెత్తాను. "అక్కడే ఉండు. గడప ఇవతల్నుంచే చూడు" అంది. ఆకు ఎత్తింది. ఆరు చిప్పల్లోనూ మొలకలు, మెడలు వంచుకుని లేస్తున్నాయి. పిన్ని చిప్పల వంక చూడటంలేదు. అరచేతులు రెండూ కొత్తగా వచ్చిన చూపుకి దగ్గరగా పెట్టుకుని చూసుకుంటోంది. "బాగానే ఉందే నా చెయ్యి" అంది. "బాగానే ఉందే. ఇన్నాళ్ళూ బాగానే ఉందే." కన్ను తడవకూడదని డాక్టరుగారు చెప్పిన మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. నేను గడప ఇవతలే నిలబడి ఏడ్చాను. లోపలికి వెళ్ళి పిన్నిని పట్టుకునే హక్కు నాకు ఇంకా రాలేదనిపించింది.

చెకప్పులన్నీ అయ్యాక కొడుకు కారు తీసుకుని వచ్చాడు. పిన్ని ఆరు చిప్పలూ అట్టపెట్టెలో సర్దుకుని ఒళ్ళో పెట్టుకుంది. "మనవరాలికి చూపించాలి" అంది. ఎవరికీ అందనీయలేదు, కారు తలుపు కూడా కొడుకు చేతే వేయించుకుంది. ఉండబట్టలేక అడిగాను.

"ఒక్క చిప్పైనా ఉంచు పిన్నీ."

"నీకెందుకే? నీ చెయ్యి మంచిది కదా, వేసుకో."

నవ్విందో లేదో నల్లకళ్ళజోడు చాటున తెలియలేదు. కారు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, పైకి వచ్చాను.

ఇప్పుడు మా లంకలో ఎవరూ ఇంట్లో నారు పొయ్యరు. కడియం వైపు నర్సరీల నుంచి ట్రేలకి ట్రేలు పొలం గట్టుకే వచ్చేస్తాయి. ఎవరి చెయ్యి మంచిదో, ఎవరిది కాదో, అడిగేవాళ్ళూ లేరు, అనేవాళ్ళూ లేరు. అది మంచికే అంటాను. కానీ ఎదురుచూడటం అనేది కూడా ఆ ట్రేలలోనే ఎక్కడో పోయింది, అది నాకు ఎప్పుడూ చేతకాలేదు. సుజాతగారు మళ్ళీ కుండీ తెస్తే, కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. "అయినా మీ దగ్గరుంచండి మేడంగారూ" అన్నారు. పిన్ని వెళ్ళిన రోజే, పొట్లం అడుగున మిగిలిన గింజలు ఒక్క కొబ్బరి చిప్పలో వేసి, అదే గదిలో, అదే కిటికీ కింద పెట్టాను. రోజూ పొద్దున్న ఆకు ఎత్తి నీళ్ళు చిలకరించి, మళ్ళీ కప్పి, బయటికి వచ్చేస్తున్నాను. ఇవాళ్టికి పదకొండో రోజు. ఇంకా మొలవలేదు. నేనింకా తవ్వలేదు.